ముప్పై డిగ్రీల ముఠా

జీడివలస హైస్కూలు పదో తరగతి పిల్లలు మూకుమ్మడిగా దొంగతనం చేశారని విద్యాశాఖ కనిపెట్టింది. దొంగిలించిన సొత్తు ముప్పై. రూపాయలు కాదు, జీడిపిక్కలు కాదు. డిగ్రీలు.

ఆ కబురు మోసుకొచ్చిన కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని హెడ్మాస్టరు అప్పలస్వామి లెక్కల టీచరు వరహాలమ్మ ముందు నిలబడ్డాడు. వరహాలమ్మ ఆ బడిలో చేరి పాతికేళ్ళు దాటింది. మనిషి పొట్టి గానీ గొంతు పెద్దది. ఆవిడ తరగతిలో "ఒరే" అంటే ఏటి అవతల మేస్తున్న గేదె కూడా తలెత్తి చూస్తుందని పిల్లలు చెప్పుకుంటారు.

"ఏటండీ ఇది?" అంది వరహాలమ్మ.

"ఛార్జి మెమో అమ్మా. పబ్లిక్ పరీక్షలో మన పిల్లలందరికీ ఒకటే జవాబు వొచ్చిందట."

"ఏ లెక్కకి?"

అప్పలస్వామి కళ్ళజోడు సర్దుకుని చదివాడు. ఒక త్రిభుజంలో రెండో కోణం మొదటిదానికి రెట్టింపు, మూడోది మొదటిదానికి మూడు రెట్లు. మొదటి కోణమెంత? ఇదీ లెక్క.

"ముప్పై. ఇంకేటొస్తాదండీ?"

"అదేనమ్మా వాళ్ళ బాధ. ఒక్కడికైనా ఇంకోటి రాలేదేటని అడుగుతున్నారు."

ఇంతకీ జరిగిందేమిటంటే, విద్యాశాఖ వారు ఆ ఏడాది 'సామ్యదర్శిని' అనే యంత్రాన్ని కొన్నారు. ఒకరి రాత ఇంకొకరి రాతను పోలి ఉంటే అది ఇట్టే పట్టేస్తుంది. మొదట దాన్ని తెలుగు వ్యాసాల మీదకు వదిలారు. 'నేను మరచిపోలేని ప్రయాణం' అని రాయమంటే జిల్లా పిల్లలంతా ఒకే రైలెక్కి, ఒకే కిటికీ పక్కన కూర్చుని, ఒకే వేరుశనక్కాయలు తిన్నారని అది చెప్పేసింది. గైడు చూసి రాసిన పిల్లలు దొరికిపోయారు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. వ్యాసాలు అయిపోగానే అదే ఊపులో లెక్కల పేపర్లు కూడా ఎక్కించారు. జీడివలస పేరు పక్కన ఎర్రదీపం వెలిగింది.

ఏటికి అవతల కొండపేట హైస్కూలుంది. అక్కడ లెక్కల పోస్టు ఖాళీగా ఉండి మూడేళ్ళయింది. ఆ పిల్లల్లో ఒకడికి తొంభై వచ్చింది, ఒకడికి పదకొండున్నర వచ్చింది, ఒకమ్మాయి ఏమీ రాక త్రిభుజం బొమ్మ గీసి దానికి రంగులు వేసింది. ఇంత స్వతంత్రంగా ఆలోచించే పిల్లలు రాష్ట్రంలోనే లేరని సామ్యదర్శిని తేల్చింది. కొండపేటకు 'సృజనరత్న' షీల్డు ఇచ్చారు. అక్కడి హెడ్మాస్టరు షీల్డు పుచ్చుకుంటూ సిగ్గుతో తల వంచుకుంటే, ఎంత వినయమో అని పేపర్లు రాశాయి. ఆ బడిలోనూ ఒక కుర్రాడికి పొరపాటున ముప్పై వచ్చింది. ఆరా తీస్తే వాడికి జీడివలసలో మేనత్త ఉందని బయటపడింది. వాణ్ణి కూడా ముఠాలో కలిపేశారు.

విచారణ తేలేదాకా జీడివలస ఫలితాలు ఆపేస్తున్నామని మెమోలో ఆఖరి ముక్క. అప్పటిదాకా లోలోపల నవ్వుకుంటున్న వరహాలమ్మకు అది చదివాక నవ్వు ఆగిపోయింది. వచ్చే సోమవారం పాలిటెక్నిక్ కౌన్సెలింగ్. మార్కుల కాగితం లేనివాళ్ళను గేటు లోపలికి కూడా రానివ్వరు. క్లాసులో దమయంతి అనే పిల్లకు ఎంట్రెన్సులో మంచి ర్యాంకు వచ్చింది. వాళ్ళమ్మ జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది. పాలిటెక్నిక్కులో సీటు రాకపోతే పిల్లను కూడా తనతో ఫ్యాక్టరీకి తీసుకుపోతానని ఆవిడ చెప్పి ఉంది. ఆ తల్లిలో దుర్మార్గం ఏమీ లేదు. ఇంకో దారి లేదంతే.

ఆ సాయంత్రం దమయంతి టీచరు ఇంటికి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది.

"టీచర్, నాను తప్పు రాసీసుంటే బాగుణ్ణు గదండీ?"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో పిల్లలు వరహాలమ్మను నానా ప్రశ్నలూ అడిగారు గానీ, ఇలాంటిది ఎవరూ అడగలేదు.

"నోర్ముయ్. ఒప్పు రాసినందుకు ఏడిసేవాళ్ళని నాను ఎక్కడా సూడ్లేదు. లోపలికి రా, టీ తాగు," అంది. గొంతు మాత్రం ఎప్పుడూ ఉన్నంత పెద్దగా లేదు.

విచారణ సంఘం శుక్రవారం దిగింది. సంఘానికి అధ్యక్షుడు స్వతంత్రాలోచన విభాగం ఉపసంచాలకులు పట్నాయకుని లోకనాథం గారు. ఆయన ఉప అన్న మాట పోయి ఉత్త సంచాలకులయ్యే ఫైలు రాజధానిలో కదులుతోంది. అందుకని ఈ మధ్య ఆయన నడకలోనే ఒక ఊపు వచ్చింది. రెండో సభ్యురాలు ఆడిట్ సూపరింటెండెంట్ కుసుమకుమారి. మూడో ఆయన సన్యాసిరావు, సోషల్ మాస్టారుగా రిటైరైన పెద్దమనిషి. ముగ్గురికీ పదో తరగతి గదిలో బల్లలు వేసి, కొబ్బరినీళ్ళు ఇచ్చి కూర్చోబెట్టారు.

లోకనాథం గారు గొంతు సవరించుకున్నారు.

"వరహాలమ్మ గారూ, సదరు ముప్పై అనునది ఈ పాఠశాలలోనికి ఏ మార్గమున ప్రవేశించినదో తెలియజేయగలరా?"

"లెక్క చేస్తే వొచ్చిందండి."

"ప్రప్రథమంగా ఎవరికి వచ్చినది? మూలపురుషుడెవరు?"

"ఎవరికాళ్ళకే వొచ్చిందండి. నేను చేసే పద్ధతి నేర్పాను. ఒక మెట్టు తరవాత ఒక మెట్టు రాసుకుంటా పోతే జవాబు వొచ్చేస్తాది."

"ఓహో. మీరు నేర్పిన దారిన పోయినచో ముప్పై వచ్చునని మీకు ముందుగానే తెలుసునా?"

"తెలుసండి."

"ఎంత కాలముగా తెలుసును?"

"నా చిన్నప్పట్నుంచీ తెలుసండి."

లోకనాథం గారు తన వెంట వచ్చిన గుమాస్తా వైపు తిరిగారు. "రాసుకోవయ్యా. పరీక్షకు కొన్ని దశాబ్దాల ముందే సమాధానం వెల్లడైనట్లు ఉపాధ్యాయిని అంగీకరించారు."

వరహాలమ్మకు చిర్రెత్తుకొచ్చింది. అయినా దమయంతి గుర్తొచ్చి పళ్ళబిగువున ఊరుకుంది.

"అయ్యా, ఈ ముప్పై ఒకరిది చూసి ఒకరు రాసేది కాదండి. ఎవరు చేసినా, ఎక్కడ చేసినా అదే. మా పిల్లల మాట నమ్మకపోతే మానీండి. మీరు ముగ్గురూ మూడు గదుల్లో కూకోండి. తలుపులు మూసీమనండి. ఒకరి మొహం ఒకరు చూడకుండా లెక్క చెయ్యండి. ముగ్గురికీ ఒకటే రాకపోతే నన్ను అడగండి."

లోకనాథం గారి కళ్ళు మెరిశాయి. ఇది శాస్త్రీయ ప్రయోగం. రేపు ఫైలులో మంచి పేరాగ్రాఫు అవుతుంది. వెంటనే ఒప్పుకున్నారు. తాళాలు వేయించి, తలుపుల మీద లక్కముద్రలు కూడా కొట్టించారు. సన్యాసిరావు గారు మంచినీళ్ళు కావాలంటే కిటికీలోంచి అందించడానికి కూడా వీల్లేదన్నారు.

వరహాలమ్మ వరండాలో స్తంభానికి ఆనుకుని ధీమాగా నిలబడింది. లక్కముద్రలు పగలగొట్టి మూడు కాగితాలూ బయటికి తీశారు.

సన్యాసిరావు గారికి అరవై వచ్చింది. కుసుమకుమారికి ముప్పై ఆరు వచ్చింది. లోకనాథం గారికి నూట డెబ్భై నాలుగు వచ్చింది.

వరహాలమ్మ ధీమా స్తంభానికే ఆనుకుని ఉండిపోయింది, ఆవిడ మాత్రం మెట్టు మీద కూలబడింది. లోకనాథం గారు విజయగర్వంతో మూడు కాగితాలూ పైకెత్తి చూపారు.

"గమనించితిరా? నిజాయితీపరులు ముగ్గురు, సమాధానములు మూడు. మనుషులు పరస్పరం చూచుకోనప్పుడు జరుగునది ఇదియే. అందరికీ ఒకటే వచ్చినదనగా అచట ఏమి జరిగినదో వేరే చెప్పనక్కరలేదు."

విచారణలో పుట్టిన ప్రతి కాగితాన్నీ ఏ పూటకు ఆ పూట సామ్యదర్శినికి ఎక్కించాలని నియమం. ఆ నియమం రాసింది కూడా లోకనాథం గారే. గుమాస్తా ఫోనులో ఫొటోలు తీసి ఎక్కించాడు. 'ముగ్గురూ అత్యుత్తమ స్వతంత్రాలోచనాపరులు, అభినందనలు' అని జవాబొచ్చింది. లోకనాథం గారు దాన్ని అందరికీ చదివి వినిపించారు. హెడ్మాస్టరు అప్పలస్వామి అలవాటు కొద్దీ చప్పట్లు కూడా కొట్టాడు. వరహాలమ్మ చూసిన చూపుకు ఆ చప్పట్లు మధ్యలోనే ఆగిపోయాయి.

భోజనాలయ్యాక ముగ్గురూ విశ్రాంతిగా కూర్చున్నారు. వరహాలమ్మ సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరకు వెళ్ళింది. తప్పు లెక్క కంటబడితే దిద్దకుండా ఉండలేని జబ్బు ఆవిడది. ఆ కాగితాలు చూసినప్పటి నుంచీ చేతులు దురద పెడుతున్నాయి.

"సన్యాసిరావు మాస్టారూ, ఏటీ అనుకోకండి. మొదటి కోణం అరవై అన్నారు. మూడోది దానికి మూడింతలు, నూటెనభై. మరి ఆ మూల మూలలాగ ఉంటాదండీ? సాపుగా పడుకుండిపోతాది."

సన్యాసిరావు గారు బుర్ర గోక్కున్నారు. "మొత్తం మూడొందల అరవై అని ఏదో గుర్తమ్మా."

"అది గుండ్రానికండి." వరహాలమ్మ చేతికందిన కాగితం తీసి త్రిభుజంలా కత్తిరించింది. అది ఛార్జి మెమో మూడో ప్రతి. గుమాస్తా కెవ్వుమన్నాడు. ఆవిడ లక్ష్యపెట్టకుండా మూడు మూలలూ చింపి, మొనలు ఒక్క చోట కలిసేలా బల్ల మీద పక్కపక్కనే పేర్చింది. కింద అంచు తిన్నగా గీత గీసినట్టు కుదిరింది. "ఇదిగో, సగం చుట్టు. నూటెనభై. ఏ త్రిభుజం చింపినా ఇంతే."

సన్యాసిరావు గారు తనూ ఒక కాగితం చింపి చూశారు. కుదిరింది. ఇంకోటి చింపారు. అదీ కుదిరింది. సర్వీసంతా పక్క గదిలో ఇంత వింత జరుగుతుంటే తాను రాజుల తారీఖులు చెప్పుకుంటూ కూర్చున్నానని ఆయన నొచ్చుకున్నారు.

"కుసుమ గారూ, మీరు ఎక్స్, రెండు ఎక్స్, మూడు ఎక్స్ కూడి అయిదు ఎక్స్ అని రాశారు. మొదటి ఎక్స్ ఏటైపోనాది?"

"దాని ముందు అంకె లేదు. అంకె లేని పద్దును ఆడిట్ నిబంధనల ప్రకారం కొట్టేశాను," అంది కుసుమకుమారి.

"అయ్యో తల్లీ. ఇంటికి ఎవరో మనిషొచ్చాడు అంటాం గదా, ఎంతమంది అనుకుంటాం? ఒకడే గదా. అంకె చెప్పలేదంటే ఒకటున్నట్టే."

కుసుమకుమారి ముఖం మారింది. ఇన్నేళ్ళలో అలా కొట్టేసిన పద్దులు ఒక్కొక్కటే ఆవిడ కళ్ళ ముందు తిరిగాయేమో, గబగబా కాగితం తీసి మొదటి ఎక్స్ ముందు ఒకటి వేసుకుంది.

మిగిలింది అధ్యక్షుల వారు. ఆయన అప్పటికే కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"సార్, మీరు ఆరు ఎక్స్ దాకా బంగారం లాగ వొచ్చారు. నూటెనభైలోంచి ఆరు తీసీసి నూట డెబ్భై నాలుగన్నారు. అప్పుడు మూడో కోణం అయిదొందల ఇరవై రెండు. అది ఒక చుట్టు పూర్తిగా తిరిగి, మళ్ళీ ఇంకో చుట్టుకి బయల్దేరతాదండి."

"ప్రభుత్వ త్రిభుజము కాస్త విశాలముగా ఉండుట సహజమే," అన్నారు లోకనాథం గారు. కానీ ఆ మాటలో పట్టు లేదు.

"ఆరు సంచుల్లో సమంగా పోసిన జీడిపిక్కలు మొత్తం నూటెనభై కేజీలండి. ఒక సంచిలో ఎంతుంటాది? ఆరు తీసీస్తారా?"

లోకనాథం గారు కళ్ళు మూసుకున్నారు. పెదవులు కదిలాయి. వేళ్ళు కదిలాయి. తర్వాత కళ్ళు తెరిచి, గ్రాంథికం అంతా ఎక్కడో పారేసుకుని, "పంచాలి కదండీ!" అన్నారు.

ఆ తర్వాత ఆయన్ను ఎవరూ ఆపలేకపోయారు. మళ్ళీ గదుల్లోకి వెళ్తామన్నారు. మళ్ళీ తాళాలు, మళ్ళీ లక్కముద్రలు. ఈసారి తలుపులు లోపలి నుంచే దబదబ బాదారు, త్వరగా తీయమని. ముగ్గురూ కాగితాలు ఊపుకుంటూ బయటికొచ్చారు. మూడింటి మీదా ముప్పై ఉంది. లోకనాథం గారు తన కాగితాన్ని వరహాలమ్మ చేత దిద్దించుకుని, పక్కన టిక్కు పెట్టేదాకా కదల్లేదు. చిన్నతనంలో లెక్కల మాస్టారు తనను బెంచీ ఎక్కించిన సంగతి కూడా చెప్పి కళ్ళు తుడుచుకున్నారు.

సాయంత్రమైంది. నియమం నియమమే గనక గుమాస్తా ఆ మూడు కాగితాలూ సామ్యదర్శినికి ఎక్కించాడు.

ఎర్రదీపం వెలిగింది. ఆ వెంటనే మెమో దిగింది. విచారణ సంఘ సభ్యులు ముగ్గురూ జీడివలస ముఠాతో చేతులు కలిపినట్లు రుజువైనది. ఉదయం మూడు రకములుగా ఉన్న ఆలోచనలు సాయంత్రమునకు ఒకటగుట కుట్రకు తార్కాణము. వారి ఇంక్రిమెంట్లు, ప్రమోషన్లు, పెన్షన్లు తదుపరి ఉత్తర్వుల వరకు నిలిపివేయడమైనది.

లోకనాథం గారు మెమో రెండుసార్లు చదివి లేచి నిలబడ్డారు.

"అన్యాయం! నేను ఎవరిదీ చూడలేదు! తలుపులకు సీళ్ళున్నాయి! నా చేత్తో నేను చేసుకున్నాను! ముప్పై కాకపోతే ఇంకేం వస్తుందండీ ఆ లెక్కకి?"

వరహాలమ్మ తెల్లకాగితం ఒకటి, పెన్ను ఒకటి తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఇప్పుడన్న మాటే రాయండి సార్. పిల్లల పేర్లు కూడా అందులోనే కలపండి."

ఆయన రాశారు. సర్వీసు మొత్తం మీద ఆయన రాసిన కాగితాల్లో ఒక్క సదరు గానీ, ఒక్క ఇందుమూలముగా గానీ లేనిది అదొక్కటేనని గుమాస్తా తర్వాత చెప్పాడు. కుసుమకుమారి సంతకం పెట్టింది. సన్యాసిరావు గారు సంతకం పెట్టి, సాక్ష్యంగా చింపిన త్రిభుజం మూలలు మూడూ పిన్నుతో గుచ్చారు.

రాజధానిలో ఆ కాగితం ఎవరెవరి బల్లల మీద తిరిగిందో గానీ, ఆదివారం నాడు ఉత్తర్వు వచ్చింది. సదరు త్రిభుజము విషయమున ముప్పై అనునది ప్రజలందరి ఉమ్మడి ఆస్తిగా ప్రకటించడమైనది. దానిని ఎవరైనను, ఎందరైనను, ఏకకాలమున వాడుకొనవచ్చును. అయితే ఈ సడలింపు ఇతర లెక్కలకు వర్తించదు. పాఠ్యపుస్తకములోని తక్కిన లెక్కలను సదరు సంఘము ఒక్కొక్కటిగా స్వయముగా సాధించి, ఏ లెక్కకు ఒకే సమాధానము వచ్చునో ధ్రువపరచవలెను. అంతవరకు ప్రమోషన్ల ఫైలు కదలదు.

పిల్లల మార్కులు అదే రోజు విడుదలయ్యాయి. సోమవారం దమయంతి అందరికంటే ముందు వెళ్ళి కౌన్సెలింగ్ గేటు దగ్గర నిలబడింది. సివిల్ బ్రాంచిలో సీటొచ్చింది. వాళ్ళమ్మ ఆ పూట ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, వీధిలో కనిపించిన ప్రతివాళ్ళకూ చెప్పుకుంటూ తిరిగింది.

బళ్ళు తెరిచాక కూడా జీడివలస హైస్కూల్లో ప్రతి శనివారం మధ్యాహ్నం ప్రత్యేక తరగతి జరుగుతోంది. మొదటి బెంచీ మీద ముగ్గురు కూర్చుంటారు. కొత్త పదో తరగతి పిల్లలు కిటికీల్లోంచి చూస్తారు. సన్యాసిరావు గారు బాగా అందుకున్నారు. కుసుమకుమారి నెమ్మది గానీ నికరం. లోకనాథం గారికి హోంవర్కు తేవడానికి అప్పుడప్పుడు వీలుపడదు, ఆఫీసులో పని ఎక్కువ అంటారు.

ఒక శనివారం దమయంతి పాలిటెక్నిక్ హాస్టల్ నుంచి ఇంటికి వచ్చి, టీచర్ని చూసిపోదామని బడికి వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడింది. లోపల వరహాలమ్మ కాగితాలు దిద్దుతోంది. ఒక సంఖ్యను రెట్టింపు చేసి ఏడు కలిపితే ముప్పై ఒకటి, ఆ సంఖ్య ఎంత అన్నది లెక్క. సన్యాసిరావు గారు పన్నెండని రాశారు. వరహాలమ్మ టిక్కు పెట్టింది. కుసుమకుమారి కాగితంలో పదిహేడుంబావు ఉంది. లోకనాథం గారి కాగితంలోనూ పదిహేడుంబావే ఉంది.

వరహాలమ్మ కళ్ళజోడు పైనుంచి బెంచీ వైపు చూసింది.

"ఎవుర్ది ఎవురు చూశారు?"

కుసుమకుమారి తన కాగితం మీద ఆలస్యంగా చెయ్యి అడ్డం పెట్టుకుంది. లోకనాథం గారు నేల చూపులు చూశారు. కాసేపటికి మెల్లగా అడిగారు.

"టీచర్ గారూ, కాగితాలు ఇంకా సామ్యదర్శినికి ఎక్కించలేదు కదా. మీకెలా తెలిసింది?"

"ఒప్పు ఊరందరికీ ఒకటే బాబూ. తప్పు మాత్రం ఎవుడిది ఆడికుండాలి."

గుమ్మం దగ్గర దమయంతి పకపకా నవ్వింది. ఉపసంచాలకుల వారు కాగితం తీసుకుని, ఎవరూ లేని వెనక బెంచీకి వెళ్ళి, మొదటి మెట్టు నుంచి మళ్ళీ మొదలుపెట్టారు.